మొదటి ప్రశ్నకు సున్నా

వితరణ అన్నాడనుకున్నాను, ఫోనులో మా డైరెక్టర్ గొంతు ఎప్పుడూ బకెట్లో తల పెట్టి మాట్లాడినట్టే ఉంటుంది, గురువారం పదింటికి ఉమ్మడి వితరణ, మూడో అంతస్తు, నువ్వే వెళ్లాలి స్కోసానా అన్నాడు, వితరణంటే పంచడమే కదా అని సన్నీసైడ్ మూలమీద మగ్విన్యా వేయించే ఆవిడ దగ్గర ఇరవై ఉండలు కట్టించుకుని, నూనె కారే కాగితం సంచీ చంకన పెట్టుకుని వచ్చాను, తీరా తలుపు మీద చూస్తే ఉమ్మడి విచారణ అని ఉంది, లోపల నీళ్ల జగ్గు, మాటలు రికార్డు చేసే యంత్రం, గోడవైపు కుర్చీలో భుజాల మీద శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ, బల్ల వెనక రెఫీల్వె మొఆబి, ముప్పై ఏళ్ల పిల్ల, పెన్సిలంత సన్నం, పెన్సిలంత సూటి, బాబా, ఇది విచారణ, వనభోజనం కాదు అంది, వి తో మొదలయ్యేవన్నీ విందులే అనుకునే వయసమ్మా నాది అన్నాను, నవ్వలేదు, వాళ్ల ఆఫీసులో నవ్వుకి కూడా దరఖాస్తు పెట్టుకోవాలేమో, సంచీ బల్ల కింద పెట్టాను, వాసన మాత్రం బల్ల మీదే ఉంది.

ఈ పిల్లది నల్లవారి ఆర్థిక సాధికారతను చూసే ఆఫీసు, నాది కంపెనీల నమోదు ఆఫీసు, ఇరవై ఆరేళ్లుగా పుట్టే కంపెనీలకు పేరు రాస్తున్నాను, చచ్చేవాటికి పేరు కొట్టేస్తున్నాను, బారసాలా నేనే, దినమూ నేనే, మా రెండు ఆఫీసుల మధ్య ఒక్క వీధే దూరం, అయినా ఇన్నేళ్లూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోలేదు, డైరెక్టర్లెవరో మాకు తెలుసు, వాటాదార్లెవరో వాళ్లకు తెలుసు, మధ్యలో దొంగలకు రెండూ తెలుసు, ఇన్నాళ్లకు ఒడంబడిక కుదిరింది, లోబోలా, అదే కన్యాశుల్కం, మాట్లాడుకోవడానికి పెద్దమనుషులు కూర్చున్నట్టే ఆర్నెల్లు కూర్చున్నారు, అక్కడ ఎన్ని ఆవులు అని, ఇక్కడ ఎన్ని దస్త్రాలు అని, పెళ్లయింది, ఇదే తొలి కాపురం, పట్టుకోవలసింది ముసుగు యజమానుల్ని, తెల్లాయన కంపెనీ, టీ కాచే నల్లావిడ పేరున యాభై ఒక్క శాతం వాటా, వాటా ఉంటుంది, మాట ఉండదు, ఆ పేరు చూపించి సర్కారు పనులన్నీ కొట్టేస్తారు, అలాంటివాళ్లను తేల్చడానికి రెండు ఆఫీసులూ కలిసి పన్నెండు ప్రశ్నలు తయారుచేశాయి, మొదటిది నాదే, మీ కంపెనీ పేరు చెప్పండి, అంతే, ఒకసారి ఒక తోటమాలి, పాపం, కాగితాల మీద మూడు కంపెనీలకు డైరెక్టరు, ఒక్కదాని పేరూ చెప్పలేక నా టోపీ వైపు చూస్తూ నిలబడ్డాడు, అప్పుడు పుట్టిందా ప్రశ్న, మీటింగులో అందరూ బల్లలు చరిచారు, దానికి సున్నా వస్తే మిగతా పదకొండూ వట్టి లాంఛనమని రాసుకున్నారు, నేను ఇంటికెళ్లి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను, రెండోసారికి ఆవిడ రేడియో పెట్టింది.

ఇప్పుడు ఆ సున్నా ఈ శాలువా ఆవిడకు పడింది, నా కళ్లముందే, మాహదేబె అంటారట ఆవిణ్ణి, పుట్టింటివాళ్ల పేరు మీద, న్యూకాసిల్ దగ్గర ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కంపెనీ, అసలు యజమాని ఆవిడ కాదు, వ్యాన్ల పని చూసే తెల్లాయన అని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, రెఫీల్వె యంత్రం మీట నొక్కింది, మా అని పిలిచింది, అమ్మా అన్నట్టు, మీ కంపెనీ పేరు చెప్పండి, ఆవిడ ఒళ్లో చేతుల వైపు చూసుకుంది, మా ఉతుకుడు ఇల్లు అంది, పేరు మా, పేరు, ఆసుపత్రి వాళ్లకు తెలుసు తల్లీ, మీకు తెలుసా తెలీదా, ఆవిడ శాలువా ఇంకాస్త ముందుకు లాక్కుంది, రెఫీల్వె కాగితం మీద సున్నా చుట్టింది, అంత గుండ్రంగా సున్నా చుట్టేవాళ్లను చూస్తే నాకు ఎప్పుడూ భయమే, ఆ సున్నాలో యాభై ఒక్క శాతం మునిగిపోతుంది, మధ్యాహ్నానికల్లా సర్టిఫికెట్టు రద్దుకు సిఫారసు వెళ్తుంది, ఆసుపత్రుల పని పోతుంది, నలభై ఒక్క మంది ఉతికే ఆడవాళ్లు ఇంటికి పోతారు, ఈవిడ పేరు మోసం కేసులోకి పోతుంది, అన్నీ పోయేవే, నా ప్రశ్న ఒక్కటే నిలిచేది.

కానీ మిగతా పదకొండు ప్రశ్నలకీ ఆవిడ చెబుతున్న తీరు వింటే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి, మరిగే నీళ్లు ఎంత వేడుండాలో, నెత్తురు మరకలున్న దుప్పట్లు విడిగా ఎందుకు నానబెట్టాలో, రెండో యంత్రం గురువారాలు ఎందుకు మొరాయిస్తుందో, ఆ తెల్లాయన్ని పనిలో పెట్టిందీ తనే, పోయిన మార్చిలో వ్యాను గోడకు గుద్దితే వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టిందీ తనే, ఏడ్చాడండీ, మళ్లీ తీసుకున్నాను, పిల్లలున్నవాడు కదా అంది, టీ కాచే ఆవిడ మాట్లాడే మాటలా ఇవి, ఇంత తెలిసిన మనిషికి పేరొక్కటీ తెలియకపోవడమేమిటి, వింతగా ఉందే, కరెంటు లేనప్పుడు ఎలా ఆరబెడతారు మా అని రెఫీల్వె అడిగింది, పైనున్న దాన్ని చూసుకుని ఆరేస్తాం, అది కొండ దాటేలోపు తీసేస్తాం, పైనున్నది అంటే, అదే తల్లీ, పొద్దున్నే వచ్చేది, సూర్యుడా అంది రెఫీల్వె, ఆవిడ తలూపింది, నోరు తెరవలేదు, రెఫీల్వె నా వైపు చూసి కనుబొమలెగరేసింది, నా బుర్రలో మాత్రం ఏదో చిటపటమంది, పొయ్యిలో పుల్లలా, పొయ్యి, మా అమ్మ పొయ్యి, మామెలోడిలో మా రేకుల వంటిల్లు, ఒరే ఎర్రదాన్ని రాజెయ్యరా, ఎర్రదాని మీద కుండ పెట్టరా, నిప్పు అనే మాట మా అమ్మ నోట ఎప్పుడూ వినలేదు నేను, బళ్లో టీచరు నిప్పు బొమ్మ చూపించి ఏమిటిరా అంటే ఎర్రది అన్నాను, అందరూ నవ్వారు, ఏడుస్తూ ఇంటికెళ్లి అడిగితే నాన్నమ్మ చెప్పింది, మీ తాతయ్య పేరు మ్లీలో, మ్లీలో అంటే నిప్పే కదరా, కోడలు ఆ పేరెలా పలుకుతుంది.

నా చేయి దానంతటదే మా ఆఫీసు నుంచి తెచ్చిన దస్త్రం మీద పడింది, రెఫీల్వె దగ్గరున్నది వాటాల దస్త్రం, అందులో ఉండదు, పేరు కేటాయింపు దరఖాస్తు మా దగ్గరే ఉంటుంది, పద్నాలుగేళ్ల కిందటి కాగితం, అంచులు పసుపెక్కాయి, లాంగెలిహ్లె దుప్పట్ల కంపెనీ, ఈ పేరు ఎందుకు అనే గడిలో గుండ్రటి అక్షరాలు, నా భర్త తండ్రి పేరు, ఆయన ఇచ్చిన నేల మీద మొదటి తొట్టి కట్టాను, కింద ఆవిడ సంతకం, దాని కింద ఆమోదించానని ఇంకో సంతకం, నాదే, చదివే ముద్ర కొట్టి ఉంటాను, ఆ పేరులో సూర్యుడున్నాడు, లాంగా అంటే సూర్యుడే, అందుకే ఆకాశంలో సూర్యుణ్ణి కూడా చుట్టు తిరిగి వెళ్తోంది ఈవిడ, అమ్మా, ఆ పేరు నేను పలుకుతాను, మీదైతే తల వంచండి చాలు అన్నాను, లాంగెలిహ్లె, ఆవిడ ముందు శాలువా సర్దుకుంది, తర్వాత తల వంచింది, ఆ మామగారే తలుపు తీసుకుని గదిలోకి వచ్చినట్టు.

ఏం జరుగుతోంది బాబా అంది రెఫీల్వె, చెప్పాను, మామగారి పేరనీ, కోడలి నోట రాదనీ, ఎర్రదాని సంగతీ, యంత్రం వింటూ ఉండగానే అంతా చెప్పాను, రెఫీల్వె పెన్సిలు కింద పెట్టేసింది, మా, ఈ ముక్క మొదటే చెప్పచ్చు కదా, మీకు చెప్పి ఉండాల్సిందేమో తల్లీ, మీవైపు పద్ధతులు వేరేమో, బల్ల మీద స్కోసానా అని మావైపు పేరు చూశాను, ఈయనింట్లో కోడళ్లు లేరా, ఇంత సిగ్గుమాలిన ప్రశ్న ఎలా రాశాడా అని చూస్తున్నాను అంది, నా మీద ఎవరైనా జోకు వేస్తే నేనే ముందు నవ్వుతాను, ఈసారి రెఫీల్వె ముందు నవ్వింది, దరఖాస్తు లేకుండానే, సున్నా మీద అడ్డగీత కొట్టి, మా కాగితాన్ని వాళ్ల దస్త్రంలో గుచ్చి, బాబా, ఆ సంచీ తియ్యండి, పొద్దుట్నించీ చంపేస్తోంది అంది, మగ్విన్యా చల్లారాయి, అయినా ముగ్గురం తిన్నాం, మా డైరెక్టరు ఫోను చేశాడు, విచారణ ఏమైంది, వితరణ చేశామండీ అన్నాను, ఏమిటీ అన్నాడు, ఆయనకూ మొదట్నించీ అంతా విప్పి చెప్పాను, బకెట్లోంచే, మా అమ్మ కూడా అంతే అన్నాడు.

చేతులు తుడుచుకుని మొదటి ప్రశ్న కొట్టేస్తుంటే మా అమ్మే గుర్తొచ్చింది, పేరు పలకలేనివాడికి ఇల్లు తెలియదని రాశాను కదా నేను, నలభై ఏళ్లు ఒక్కసారైనా నోరు జారకుండా ఆ పేరు పక్కనుంచి నడవాలంటే రోజూ, ప్రతి పొయ్యి దగ్గరా, అది ఎక్కడుందో తెలిసి ఉండాలి, మ్లీలో అని ఎన్నిసార్లయినా అనగలను నేను, మా తాత గురించి నాకు తెలిసింది ఆ ఒక్క మాటే.