తప్పుడు చోటికి వెళ్లిన కబురు

ఆ ఆసుపత్రిలో ఏ రోగి గురించి ఏ కబురు ఎవరికి వెళ్లాలో కంప్యూటరే చూసుకుంటుంది. దాని మంచిచెడ్డలు చూసేది కళ్లద్దాలు పెట్టుకునే ఒకావిడ. మార్పులు ముందుగా సరిచూసుకోవడానికి దానికో నకలు కూడా ఉంది. అసలుదాని కబుర్లు బంధువులకు వెళ్తాయి. నకలువి ఆవిడ బల్ల మీది ఫోనుకే రావాలి. అందుకే ఏ నంబరుకు పంపాలో చెప్పే సెట్టింగులు దేనివి దానికి విడిగా ఉండాలి.

ఆ ఉదయం ఆవిడ అసలుదాన్ని నకలులోకి కాపీ చేసింది. సెట్టింగులూ దాని వెంటే వచ్చేశాయని గమనించలేదు. సరిచూడ్డానికి ఏదో ఒక రోగి పేరు ఎంచుకుని, 'మరణం' అన్నచోట నొక్కింది. బల్ల మీది ఫోను మోగలేదు. కబురు నేరుగా ఆ రోగి భార్యకు వెళ్లిపోయింది.

సంగతి విని పై అధికారి తల పట్టుకున్నాడు. "చేతులు కాలాయి. సాంకేతిక లోపం, సారీ అని ఇంకో మెసేజ్ పంపించెయ్."

"లోపం నాది సార్. నేనే వెళ్తాను," అని నకలును ఆపేసి మెట్లు దిగింది.

రోగి భార్య, ఓ పెద్దావిడ, వార్డు బయట బెంచీ మీద ఉంది. మెసేజ్ చూసి మందుల షాపు నుంచి పరుగెత్తుకొచ్చిందట. ఆయన బతికే ఉన్నాడని నర్సు తీసుకెళ్లి చూపించినా, మళ్లీ బయటికొచ్చి కూలబడిపోయింది.

"అమ్మా, ఆ మెసేజ్ పంపింది నేనే. పొరపాటున..." అంది కళ్లద్దాలావిడ.

పెద్దావిడ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

"నీ మీద కోపం లేదమ్మా. నా మీదే. అది చదవగానే నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య, ఆయనకీ బాధ తప్పింది అనుకున్నాను. నాకూ తప్పిందనుకున్నాను. కట్టుకున్నదాన్ని, అలా ఎలా అనిపించింది నాకు?"

కళ్లద్దాలావిడ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

లోపల్నుంచి దగ్గు వినిపించింది.

"నీళ్లకి," అంటూ పెద్దావిడ లేచింది. తలుపు దగ్గర ఆగిపోయింది. "నువ్వూ రామ్మా. ఆయన మొహం ఒక్కదాన్నే చూడలేను."

"పదండి పిన్నీ."

ఆయన కళ్లు తెరిచాడు. "ఎక్కడికి పోయావే?"

"ఎక్కడికీ పోలేదు," అంటూ ఆమె చెంచాతో నీళ్లు పట్టింది. కళ్లద్దాలావిడ గ్లాసు పట్టుకుంది.

తన గదికి వచ్చాక సెట్టింగులు విడదీసింది. నకలులో బయటివాళ్ల నంబరు కనబడితే చాలు, అక్కడికక్కడే ఆగిపోయేలా కట్టుదిట్టం చేసింది. పని తెమిలేసరికి సాయంత్రమైంది.

ఇంటికి పోతూ వార్డు వైపు తొంగిచూసింది. పిన్ని బెంచీ మీదే ఒరిగి నిద్రపోతోంది. లేపకుండా లోపలికెళ్లి, ఆయన మంచం పక్క కుర్చీలో కూర్చుంది.