పిడికిలెత్తితే మగ్గం ఆగాలి

మా మిల్లు మోత మీరెప్పుడైనా విన్నారా? పైనుంచి ఎగిరే కాకులు రెక్కలతో చెవులు మూసుకునేవి. రెక్కలు మూస్తే ఎగరడమెలా? టపటపా రాలిపడేవి. నవ్వకండి, నా చేత్తో ఏరాను.

ఆ మోతలోనే మా అన్న మగ్గం బెల్టులో చిక్కి చచ్చిపోయాడు. సొంత అన్న కాదు, షెడ్డు మొత్తానికీ అన్నే. అరిచే ఉంటాడు. ఎవరికి వినపడుద్ది? పూడ్చిన మట్టి ఆరకముందే సూపర్‌వైజరు మనుషుల్ని వెంటేసుకుని మా లైన్లకొచ్చాడు. మిల్లు గదులవి, అగ్గిపెట్టెల్లా వరసగా ఉంటాయి. వదిన పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నె తెచ్చి వీధిలో బోర్లించాడు.

"పనోడు పోయాడు, గది ఖాళీ చెయ్యాలి. రూలు."

"పాప పాలు తాగుతోంది బాబూ."

"వీధిలో తాగకూడదని రూలేం లేదుగా!"

నిన్నటిదాకా అందరికీ వదిన. ఇవాళ అడ్డం. మొగుడితో పాటే కప్పు పోయింది, పొయ్యి పోయింది, ఆ పిలుపూ పోయేట్టుంది.

షిఫ్టు దిగి మంగలి కొట్లో చేరాం.

"ఏనుగుతో మనకెందుకురా," అన్నాడు మాలో పెద్దవాడు, తాత.

ఫిట్టరు బాబాయికి మండింది. "ఇవాళ ఆమె గిన్నె. రేపు నీ మంచం."

"అంటే, నేను పోతే మా ముసల్దాన్ని ఈడ్చేస్తారా?"

"ఈడ్చరు. దొర్లిస్తారు."

తాత సగం గీసిన గడ్డంతోనే లేచాడు. "అయితే ఆపేద్దాం."

రేపు సరుకు చూడ్డానికి కొనేవాళ్లొస్తారు, వాళ్ల ముందే మగ్గాలాపాలి, వదిన గది వదినకివ్వాలి, మూడో కంటికి తెలీకూడదు. అంతా గుసగుసగానే అనుకున్నాం. అదే మా కొంప ముంచింది. చెవులు మగ్గాలకిచ్చేసినవాళ్లం, మా గుసగుసకి పక్క ఊళ్లో గేదెలు లేచి నిలబడతాయి. వీధి అవతల టీ తాగుతున్న సూపర్‌వైజరు కుర్చీలోంచి లేవకుండానే మొత్తం వినేశాడు.

తెల్లారేసరికి గేటు దగ్గర పోలీసులు. ఫిట్టరు బాబాయిని మోకాళ్ల మీద కొడుతూ లాక్కుపోయారు. "నోరు తెరిచినోడికి పళ్లుండవు," అని ఇన్‌స్పెక్టరు మమ్మల్ని మగ్గాల ముందు నిలబెట్టాడు. మోత మొదలైంది. కొనేవాళ్లొచ్చారు.

అప్పుడు కిటికీ అవతల వదిన కనపడింది, చంకలో పాపతో. పాప పుట్టకముందు ఆవిడా మాతో నేసినదే. ఆ మోతలో నోరు దండగ. మాకు చేతులే మాటలు. దారం తెగితే పిడికిలెత్తుతాం, మగ్గం ఆపమని.

వదిన పిడికిలెత్తింది.

తాత చూశాడు, ఎత్తాడు. పక్కనోడు ఎత్తాడు. నేనూ ఎత్తాను. ఒక్కో మగ్గమే దగ్గి దగ్గి ఆగింది.

"ఎవడ్రా చెప్పింది?" అని గంతులేశాడు ఇన్‌స్పెక్టరు. తాత మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపాడు, ఎవరూ నోరు తెరవలేదని.

ఆ షెడ్డులో మొట్టమొదటిసారి ఒక గొంతు విన్నాం. వదిన పాప ఏడుస్తోంది. అన్న అరుపు వినలేకపోయాం. ఇది విన్నాం.

సూపర్‌వైజరు కిటికీ వైపు వేలు చూపించాడు. పాపని మా ఆవిడ అందుకుంది. వదిన చేతులు వెనక్కి విరిచి కట్టి వ్యానెక్కించారు. మా వాళ్ల నోరు మూయించాలంటే ఏం కట్టాలో వాళ్లకీ తెలిసిపోయింది.

సాయంత్రం ఫిట్టరు బాబాయి శవాన్నిచ్చారు. స్టేషన్లో జారిపడ్డాడంట. మోకాళ్లు పగిలినోడు ఎక్కడ నడిచి, ఎక్కడ జారాడో!

ఆయన్ని పూడ్చొచ్చి, వీధిలో పడున్న వదిన గిన్నెలు ఎవర్నీ అడక్కుండానే వదిన గదిలో సర్దాం. అంతలోనే సూపర్‌వైజరు మనుషులతో దిగాడు. ఈసారి బాబాయి గుమ్మం ముందు.

"పనోడు పోయాడు, గది..."

పిన్ని బయటికొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. పిడికిలెత్తింది. పక్క గుమ్మంలో తాత భార్య, ఆ పక్కన మా ఆవిడ, చంకలో పాప. లైను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పిడికిళ్లే.

సూపర్‌వైజరు కూడా ఒకప్పుడు మాతో మగ్గం తోలినవాడే. పిడికిలి అర్థం వాడికి చెప్పక్కర్లేదు.

ఆగాడు.