ఠక్కుమనని పట్టీ

ప్రభుత్వం తరఫున డిజైన్ అమ్మాయి వస్తుందని తెలిసిన రోజు నుంచీ నిచ్చెనల మేస్త్రికి తిండి సయించడం లేదు.

షెడ్డుకి యజమానే అయినా అందరూ అతన్ని మేస్త్రి అనే పిలుస్తారు. ఆరో తరగతిలో బడి మానేసి వెల్డింగు పట్టుకున్నాడు. ముప్పయ్యేళ్లొచ్చేసరికి సొంత షెడ్డు వేసి, ఇళ్లలో వాడుకునే అయిదు మెట్ల మడత నిచ్చెనలు చేయడం మొదలుపెట్టాడు. చదువుకున్నవాడు కాగితం మీద గీత గీస్తే జీతం, తను ఇనుము మీద గీస్తే చెమట. లోకం మీద అతనికున్న కోపమంతా ఈ ఒక్క మాటలో ఉంది. అలాంటివాడికి చదువుకున్న పిల్లొచ్చి పని నేర్పుతుందంటే మామూలు రోజుల్లో నవ్వి ఊరుకునేవాడే. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

రెండు నెలల కిందట మందుల షాపాయన మేస్త్రి చేసిన నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చేతికి కట్టుతో వచ్చి అడిగితే మేస్త్రి నలుగురి ముందూ, "ఎక్కడం చేతకానివాళ్లు నేలమీదే ఉండాలి. తాగి ఎక్కారేమో చూసుకోండి" అనేశాడు. ఆయన తల దించుకుని వెళ్లిపోయాడు. నాలుగు తిట్టినా బావుండేది. ఆ దించుకున్న తల మేస్త్రిని పట్టుకుని వదలడం లేదు. ఆ తర్వాత షెడ్డులోని ఒక్కో నిచ్చెననీ విప్పాడు, ఎక్కాడు, మీద నిలబడి గెంతాడు. ఒక్కటీ కదల్లేదు. కనబడే తప్పయితే రంపమో సుత్తో పుచ్చుకునేవాడు. కనబడని తప్పుని దేంతో కొడతాడు?

దరఖాస్తు పెట్టింది బామ్మర్ది. షెడ్డులో ఫిట్టరూ వాడే, షెడ్డుకి నోరూ వాడే.

"చిన్న షెడ్లకి మూడు రోజులు మనిషిని పంపుతారు బావా. ఖర్చు వాళ్లదే. వాళ్లు రాసే కాగితం బాగా వస్తే కొత్త బెండింగ్ మిషన్‌కి సాయం కూడా చేస్తారట."

"బాగా రాకపోతే?"

"నీ మొహం చూస్తే ఎవరైనా బాగానే రాస్తార్లే. జాలిపడి."

ఆ అమ్మాయి చేతిలో చిన్న నోటుబుక్కుతో వచ్చింది. కుర్చీ వేస్తే వద్దని, మూల ఉన్న ఎత్తుపీట లాక్కుని కూర్చుంది.

"రంగులు మార్చమంటావా అమ్మా?" అన్నాడు మేస్త్రి, భయం బయటపడకుండా.

"రంగులదేముంది బాబాయ్, తర్వాత చూద్దాం. డిజైన్ అంటే ముందు చూడడం. వాడేవాళ్లు ఎలా వాడుతున్నారో యజమానే కళ్లారా చూడాలి. చూసినదాన్నిబట్టి షెడ్డు నడపాలి. రెండు రోజులు నేను మిమ్మల్ని చూస్తా. మూడో రోజు మీరు వాళ్లని చూద్దురుగాని."

ఆ నిచ్చెన విప్పగానే ముందుకాళ్లకీ వెనకకాళ్లకీ మధ్యనున్న అడ్డపట్టీ తిన్నగా పడి ఠక్కుమంటుంది. ఆ చప్పుడొస్తే బిగిసినట్టు. పొద్దస్తమానం షెడ్డులో ఆ ఠక్కులే. ఠక్కుమన్నప్పుడల్లా ఆ అమ్మాయి పెన్సిలు కదిలేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పెన్సిలు కదిలినప్పుడల్లా మేస్త్రి నుదురు తుడుచుకునేవాడు. ఆ పిల్ల చూపు నిచ్చెన మీద కూడా లేదు. కిందెక్కడో ఉంది.

"నేలకేసి ఏం చూస్తోందిరా?" అన్నాడు బామ్మర్దితో, గొంతు తగ్గించి.

"నా చెప్పులు బావా. కొత్తవి కదా."

మూడో రోజు మేస్త్రీ, ఆ అమ్మాయీ కలిసి రిటైరైన నర్సమ్మ ఇంటికి వెళ్లారు. నాలుగేళ్ల కిందట నిచ్చెన కొన్న మనిషి. ఒంటరిగా ఉంటుంది. అటక మీది పెట్టె దించుకోవాలంది.

గుమ్మంలోనే అమ్మాయి షరతు చెప్పింది. "సలహాలివ్వొద్దు బాబాయ్. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయనివ్వండి. మీరు చూడండి, చాలు." ఆమె మాత్రం వెళ్లి నిచ్చెన వెనకాల నిలబడింది.

నర్సమ్మ నిచ్చెన విప్పింది. పట్టీ దాదాపు తిన్నగా వచ్చి ఆగింది.

మేస్త్రి చెవులు ఠక్కు కోసం ఎదురుచూశాయి. రాలేదు.

ఆవిడ మొదటి మెట్టు ఎక్కింది. ఆగమని అరిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. నిచ్చెన వెనకే ప్రభుత్వం మనిషి, చంకలో నోటుబుక్కు. రేపు షెడ్డుకి తాళం వేస్తే నలుగురి పొయ్యిలు ఆరిపోతాయి. రెండో మెట్టు. ఇన్నేళ్లూ ఎక్కింది కదా, ఇవాళే పడుతుందా? మూడో మెట్టు. పట్టీ మధ్యలో వేలెడు పైకి లేచింది. నిచ్చెన కాళ్లు సన్నగా వణికాయి.

మేస్త్రికి పైప్రాణాలు పైనే పోయాయి. ఎప్పుడు దూకాడో తెలియదు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకున్నాడు. ఠక్కుమంది.

"ఏంటయ్యా ఆ దూకుడు! గుండాగి చచ్చేదాన్ని," అంది నర్సమ్మ పైనుంచి. "నిచ్చెన కంటే నువ్వే ప్రమాదంగా ఉన్నావే!"

అప్పుడు చూశాడు. వెనకకాళ్లని అమ్మాయి మొదట్నుంచీ గట్టిగా పట్టుకునే ఉంది.

"ఇప్పుడు మడమతో ఏం చేశారు బాబాయ్?" అంది మెల్లిగా.

"ఏం చేశాను?"

"పట్టీని తన్నారు. మీ షెడ్డులో అందరూ తంతారు. విప్పగానే మడమతో ఒక్క పోటు. రెండు రోజుల్లో తన్నకుండా ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు."

మేస్త్రి తన కాలి వంక పరాయివాడి కాలిని చూసినట్టు చూశాడు. తనకి పని నేర్పిన గురువు అలా తన్నేవాడు. తనూ తన్నాడు, బామ్మర్దీ తన్నాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ అనుకోలేదు. వంద సార్లు పరీక్ష చేసినప్పుడు వంద సార్లూ ముందు తన్ని, తర్వాతే ఎక్కాడు.

"మొదటి రోజే చెప్పొచ్చుగా తల్లీ?"

"చెబితే నమ్మేవారా?"

నమ్మేవాడు కాదు. అరిచి బయటికి పంపేవాడు.

నర్సమ్మ కిందకి దిగి, పట్టీని కాలితో తాకి చూసింది. "తన్నాలా దీన్ని? నాకెవరు చెప్పారు? వణికినప్పుడల్లా నాకే వయసైపోయిందనుకున్నాను."

ఆ మాట మేస్త్రికి వాత పెట్టినట్టు తగిలింది.

షెడ్డుకి తిరిగొచ్చాక అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. అందులో 'మీరు ఏం చూశారు?' అని ఒక్కటే ప్రశ్న. యజమాని సొంత చేత్తో రాయాలి. సాయంత్రం వచ్చి తీసుకుంటానని వెళ్లింది.

"రంగు మార్చాలని రాసెయ్ బావా," అన్నాడు బామ్మర్ది, జరిగిందంతా విని. "రేపటి నుంచి పట్టీకి స్ప్రింగు పెడదాం. దానంతటదే పడుతుంది. పాతవంటావా, పాతవే. ఎవడడిగాడు?"

మేస్త్రి లేచాడు. ఒక నిచ్చెన విప్పాడు. మడమ దానంతటదే లేచింది. బలవంతాన నేలకి దింపి, తన్నకుండా ఎక్కాడు. మూడో మెట్టు మీద ఇనుము కింద జరిగింది. జన్మలో మొదటిసారి తను చేసిన నిచ్చెననే పడిపోకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. దిగడానికి బామ్మర్ది చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

"ఎన్ని అమ్మాంరా?"

"మూడొందల పై చిలుకు."

మూడొందల ఇళ్లలో ఈ క్షణాన ఎవరో ఒకరు విప్పుతూ ఉంటారు. ఠక్కుమనదు. ఎక్కుతారు.

పెన్ను తీసి వంకర టింకర అక్షరాలతో రాశాడు: 'మా నిచ్చెన తంతేనే బిగుస్తుంది. ఆ సంగతి మాకే తెలీదు. కొన్నవాళ్లకి చెప్పలేదు.' కింద సంతకం చేశాడు. తర్వాత కొన్నవాళ్ల ఫోను నంబర్లున్న గ్యారంటీ కార్డుల కట్ట ముందేసుకుని, అందరికంటే ముందు మందుల షాపాయనకి ఫోను చేశాడు.

"ఎవరండీ?"

"నేనండీ... నిచ్చెనల మేస్త్రిని."

అవతలినుంచి ముభావంగా, "చెప్పండి."

"ఆ నిచ్చెన వాడకండి. తప్పు మీది కాదు, నాది. దాన్ని ఎక్కకండి."

"నేనెక్కడ ఎక్కుతానయ్యా, చెయ్యి సరిగా తిరగందే. మా ఆవిడే ఎక్కుతోంది." ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడూ పైనే ఉంది," అన్నాడాయన.

మేస్త్రి ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"దించండి. కంగారు పెట్టకండి. ముందు మీరు కాళ్లు పట్టుకోండి. ఫోను అక్కడే ఉంచండి, నాకు వినపడాలి."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా ఆయన గొంతు, "మెల్లిగా దిగు. ఏం లేదు, దిగు." ఇనుప మెట్టు మీద చెప్పు చప్పుడు. ఒకటి. రెండు. మూడో మెట్టు దగ్గర ఏదో కిర్రుమంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. పక్కన బామ్మర్ది అతని భుజం పట్టుకున్నాడు, వేళ్లు దిగిపోయేలా.

నాలుగు. అయిదు. నేల.

చాలాసేపటికి ఆయన మళ్లీ ఫోను తీశాడు. "నన్ను తాగుబోతన్నావు కదయ్యా, నలుగురి ముందూ."

"అన్నానండి."

"ఆ నలుగురి ముందే వచ్చి చెప్పు, ఇప్పుడు నాతో చెప్పింది." ఫోను పెట్టేశాడు.

మేస్త్రి చొక్కా చేత్తో మొహం తుడుచుకుని రెండో కార్డు తీశాడు. అంకెలు కళ్ల ముందు అలుక్కుపోతున్నాయి. బామ్మర్ది కార్డు అందుకుని ఒక్కో అంకే చదివాడు. ఆ ఇంట్లో ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.