పెళ్లి మర్నాడు పోయిన పదకొండు రోజులు

ఎలీఫలెట్ థార్న్‌డైక్ గారికీ జెరూషమ్మకూ పెళ్లయినది 1752 సెప్టెంబరు రెండున, బుధవారం. మర్నాడు నిద్ర లేచేసరికి తేదీ పద్నాలుగు. పాత క్యాలెండరుకు సూర్యుడితో పొత్తు తప్పిందని, అప్పట్లో మా వలసలను ఏలుతున్న లండన్ పార్లమెంటు నడుమనున్న పదకొండు తేదీలను ఎత్తివేసింది.

పోయినవి అంకెలే గాని రోజులు కావు. నలభై ఏళ్లు పంచాంగం గణించినవాణ్ణి గనుక ఈ మాట మా మెర్రిమాక్ లోయలో ఎందరికో చెప్పి చూశాను. థార్న్‌డైక్ గారికి ఈ సంగతి తెలుసు. అయినా స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, మా రాష్ట్రానికి గవర్నరుగా ఉన్న కాలంలో, టీ మీద పన్ను తర్వాతి సంగతి, రాజు ముందు దోచినది నా పెళ్లి మర్నాటి పదకొండు రోజులని ప్రతి విందులోనూ అనేవారు. అందరూ నవ్వేవారు, జెరూషమ్మ తప్ప. యుద్ధమూ, శాసనసభా, ఆ పదవీ ఆమెకు భర్తను నెలల తరబడి దూరం చేశాయి. ఏనాటికైనా ఆ పదకొండు రోజులూ నీకే ఇస్తానని ఆయన మాట ఇచ్చారట. ఆమె మరేదీ అడగలేదు.

1802 సెప్టెంబరు రెండున ఊరివాళ్లు స్వర్ణోత్సవమంటూ పిల్లనగ్రోవులతో, డోళ్లతో, ఒక పీపా ఆపిల్ సారాతో ఆ గుమ్మం ముందు చేరారు. గుండె జబ్బుతో కాళ్లు వాచి కుర్చీకే పరిమితమైన గవర్నరు గారు తలుపు తీయించి, ఎత్తేసిన పదకొండూ కలిపితే సూర్యుడి లెక్కన యాభై నిండేది పదమూడున అనీ, అందాకా ఎవరూ రావద్దనీ, అనుమానముంటే మాస్టారిని అడగమనీ నన్ను చూపించారు. నిజమే గనుక అవునన్నాను.

"మరి ఈ సారా పదకొండు రోజులు ఆగుతుందాండీ?" అన్నాడు డోలు మోస్తున్న వడ్రంగి.

"నీ దగ్గర ఆగదులే. తాగెయ్యండి," అన్నారు గవర్నరు గారు.

తలుపు మూసుకుంది. ఆ వారమంతా దంపతులిద్దరూ నదివైపు కిటికీ దగ్గర చిక్కుళ్లు ఒలుస్తూ కనిపించారు. అంత నెమ్మదిగా ఒలిచేవాళ్లను నేనెన్నడూ చూడలేదు.

తొమ్మిదో తేదీ గురువారం తెల్లవారుజామున ఆయన పోయారు.

మర్నాడు సమాధిరాళ్లు చెక్కే ఓబెడ్ వచ్చాడు. జెరూషమ్మ నన్నూ పిలిపించింది. మా వైపు రాళ్ల మీద ఏళ్లు, నెలలు, రోజులు కూడా చెక్కుతారు. వయసుతో పాటు దాంపత్యం కూడా వేయించమని గవర్నరు గారే చెప్పి ఉంచారు. తేదీని బట్టి యాభై నిండి వారమైంది గనుక, యాభై అని చెక్కితే ఎవరూ కాదనరని ఓబెడ్ నచ్చజెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

"మీరు చెప్పండి, మాస్టారూ."

ఓదార్చడానికి ఒక్క అబద్ధం చాలు. కాని పదమూడును ఎంచుకున్నది ఆయనే.

"నలభై తొమ్మిదేళ్లు, పదకొండు నెలలు, ఇరవై ఏడు రోజులమ్మా. ఇంకా నాలుగు రోజులు తక్కువ."

ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంది.

"పదకొండింటిలో ఏడు ఇచ్చారు. ఎంత బాగున్నాయో మీకు తెలీదు, మాస్టారూ. బాగోకపోతే మిగతావి అడిగేదాన్ని కాదు." తర్వాత ఓబెడ్‌తో అంది: "మంగళవారం దాకా ఉలి ముట్టుకోకు. ఆ నాలుగూ నేను గడుపుతాను."

ఒకరు పోయాక దాంపత్యం సాగదని చట్టమూ చెబుతుంది, తర్కమూ చెబుతుంది. రెండింటినీ నమ్మి బతికినవాణ్ణి. అయినా మంగళవారం దాకా ఆగమని నేనూ ఓబెడ్‌కు చెప్పాను.

శనివారం ఖననమైంది. అక్కడి నుంచి సోమవారం రాత్రి దాకా ఆమె ఎవరినీ ఇంట్లోకి రానివ్వలేదు.

మంగళవారం పొద్దున ఓబెడ్ పనిపాకకు ఆమే నడిచివచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"ఇప్పుడు నిండిందా?"

"మీ పెళ్లినాటి నుంచి భూమి సూర్యుణ్ణి యాభైసార్లు చుట్టిందమ్మా. నేను చెప్పగలిగింది అంతే."

"రాతికి అది చాలు. నాకు చాల్లేదు."

అంకెలు వేయనా, అక్షరాలా అని ఓబెడ్ అడిగాడు.

"అక్షరాలే వెయ్యి నాయనా. ఎక్కువసేపు పడుతుంది," అని ఆమె ఒక ముక్కాలిపీట లాక్కుని ఆ రాతి పక్కన కూర్చుంది.