జోడుకు రెండేసి రేకులు

నాకు అప్పట్లో పొగరు కాస్త ఎక్కువే. పేరు భావనారాయణ, ఊరు గుడివాడ. నాంపల్లి స్టేషన్లో రైలు పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరుగా చేరి ఏడాది కావస్తున్నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. 1963 మే నెలలో గూడ్సు లైనుకి కొత్త పట్టాలు వేయించమన్నారు. వేసిన రోజు మధ్యాహ్నమే పెద్ద ఇంజనీరు వచ్చి చూస్తాడు. నచ్చితే నా కాగితం మీద సంతకం. నచ్చకపోతే నేనూ నా భార్య కమలకుమారీ తట్టాబుట్టా సర్దుకుని గుడివాడ బండెక్కడమే.

అయినా నాకేం భయం? అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారంనాడు కొన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చంకలో ఉందిగా! గజానికి తొంభై పౌండ్లు తూగే పట్టా దగ్గర్నుంచి దాన్ని బిగించే బోల్టు దాకా అన్నీ అందులో ఉన్నాయి. ఎండకి ఇనుము సాగుతుంది కనుక పట్టాకీ పట్టాకీ మధ్య, గ్యాంగువాళ్లు జోడు అనే చోట, సందు వదలాలి. ఆ పొద్దుటి వేడికి అంగుళంలో ఎనిమిదో వంతు చాలని పట్టికలో ఉంది. సందులో పెట్టి, బోల్టులు బిగించాక తీసేసే ఇనుప రేకులు సరిగ్గా ఆ మందానివే తెప్పించాను.

గ్యాంగుకి పెద్ద పోచయ్య. రోజూ చేసినట్టే పట్టా మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"గీ సందు సాలది సారూ. పగటీలి ఎండకు పట్టాలు పాము లెక్క వంకర్లు వోతయ్."

"పుస్తకం కంటే నీ చెయ్యి గొప్పదా? ఇచ్చిన రేకులే పెట్టు!" అని కసిరాను.

"ఔ సారూ. మీరిచ్చినయే వెడ్త," అన్నాడు.

ఆఫీసుకొచ్చి టీ తాగుతూ తీరిగ్గా పుస్తకం ముందు పేజీలు తిరగేశాను. ఓరి నాయనో! అది మంచు కురిసే దేశానికి వేసిన పట్టిక. వాళ్ల మండువేసవి మనకి మాఘమాసం. గడియారం చూస్తే పన్నెండున్నర. ఎండలో పడి పరిగెత్తాను.

అప్పటికే ఇంజనీరు వంగి పట్టాల వెంట చూస్తున్నాడు. పట్టాలు తిన్నగా ఉన్నాయి. సందులో గడ్డిపోచ దూరేంత చోటు మిగిలింది.

"భేష్! ఏ లెక్కన వదిలావయ్యా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పోచయ్య మొహం చూస్తే సిగ్గేసింది.

"నా లెక్క తప్పు సార్. ఇదెలా నిలిచిందో పోచయ్యనే అడగండి."

పోచయ్య రుమాలు సర్దుకున్నాడు. "సారు మాట దాటలే. సారిచ్చిన రేకులే వెట్టిన. జోడుకు రెండేసి వెట్టిన, గంతే."

ఇంజనీరు కడుపుబ్బ నవ్వాడు. "తప్పు ఒప్పుకున్నావు, పో," అంటూ సంతకం చేశాడు.

మర్నాడు పొద్దున్నే పుస్తకం ఇంట్లో వదిలి వచ్చాను. పోచయ్య పక్కన గొంతుక్కూర్చుని నేనూ పట్టా మీద అరచెయ్యి ఆనించాను.

"ఇయ్యాల ఎన్ని రేకులు సారూ?"

"నాకేం తెలుసు పోచయ్యా! నువ్వే చెప్పు."

ముసలాడి మొహం విప్పారింది.

"గిప్పుడు పర్మనెంటయిన్రు సారూ," అన్నాడు.