నా చేతుల్లోనే పోయాడు

అబ్బ, ఈ బెంచీ కన్నా మా క్లాసు బెంచీలే నయం, అనుకుంటూ ప్రొఫెసరమ్మ కోర్టు హాల్లో నడుం సర్దుకుని కూర్చుంది, ఒక్కసారి వచ్చి నా పని చూడండి మేడమ్ అని తన పాత శిష్యురాలు వాగుడుకాయ పదిసార్లు ఫోన్ చేస్తే వచ్చింది, కవితలో ఒక చిన్న మాట మీద గంటన్నర వాదించి అందరికీ భోజనం తప్పించిన పిల్ల, ఇప్పుడు నల్లకోటు వేసుకుని సాక్షుల తెలుగును జడ్జికి ఇంగ్లీషులో చెప్పే కోర్టు దుబాసీ, ఇంగ్లీషు సాహిత్యం ఏం కూడు పెడుతుందే అని వాళ్లమ్మ నెత్తీ నోరూ బాదుకున్న చదువే ఇది, తన రోజుల్లో అయితే నాన్న మా అమ్మాయి ఆఫీసరవుతుందని మురిసిపోయాడు, అత్తగారు మా కోడలు దొరసానిలా మాట్లాడుతుందని చుట్టాలకు చూపించింది, ఆ తర్వాత కంపెనీల వాళ్లొచ్చి పిల్లలకు యాస దిద్దమన్నారు, ఇప్పుడు డీన్ గారేమో ఈమెయిళ్లు రాయడం నేర్పండి మేడమ్, కవితలు ఎవడికి కావాలి అంటున్నాడు, పోనీ ఎవడికి కావాలి, నిజంగానే,

బోనులో ఆయా నిలబడి ఉంది, తను చూసుకుంటున్న పెద్దాయన చనిపోతే కొడుకులు ఆమె మీదే హత్య కేసు పెట్టారు, ఆ పొద్దున ఏం జరిగిందమ్మా అని దుబాసీ అడిగింది, ఏం చెప్పేది తల్లీ, మందు పట్టేలోపే నా చేతుల్లోనే పోయాడు, దుబాసీ నోరు తెరిచేలోపే కొడుకుల వకీలు అందుకున్నాడు, అతని ఇంగ్లీషులో ఆ మాట ఆమె చేతిలో చచ్చాడని అయిపోయింది, గుమాస్తా టకటకా కొట్టేస్తున్నాడు, ప్రొఫెసరమ్మకు లేచి అరవాలనిపించింది,

ఆగండి, ఆ మాట తప్పు, అంది వాగుడుకాయ, రెంటికీ తేడా ఏముందమ్మా అని జడ్జి విసుక్కున్నాడు, చాలా ఉందండీ, ఆవిడ చేతిలో అనలేదు, చేతుల్లో అంది, పట్టుకుని ఉండగా ప్రాణం పోయిందని అర్థం, ఎలా పట్టుకున్నావో చూపించమ్మా, ఆయా రెండు చేతులూ చాచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుంది, జడ్జి కళ్లజోడు తీసి, ఆ వాక్యం కొట్టేసి దుబాసీ చెప్పినట్టు రాయండి అన్నాడు,

నా పిల్లే, అని పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషితో అనేసింది ప్రొఫెసరమ్మ, వినడం, అవును, ఒక మనిషి అన్న మాటను అన్నట్టుగా వినడం, ఇన్నేళ్లూ నేను చెప్పిన పాఠం అదే.