స్నానాలగది గడియ

అంట్లు తోమి, చేతులు తుడుచుకుని స్నానానికి వెళ్తే తలుపుకు గడియ లేదు. స్క్రూలు ఊడదీసిన బెజ్జాలు మాత్రం మిగిలాయి. నిన్న సాయంత్రం కూడా ఉంది. ఎవర్ని అడిగినా, ఆ తలుపుకు గడియన్నదే ఎప్పుడూ లేనట్టు మొహం పెట్టారు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొచ్చినప్పట్నుంచీ ఆమెకు అందరిమీదా అనుమానమే. నిద్రపట్టక, ఊరికే ఏడుపొచ్చి అల్లాడిన నెలల్లో "తిన్నదరక్క వేషాలు" అన్న అత్తగారు, ఇప్పుడు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని "నీకు తోడుంటానమ్మా" అంటోంది. తోడంటే తోడే, ఒక్క ఉల్లిపాయ తరగదు. కత్తి పట్టుకున్న చేతివంకే చూస్తుంది. మాత్ర మింగాక "ఏదీ, నోరు తెరువు" అంటుంది. ఆడపడుచేమో దారిలో పోతూ వచ్చానంటుంది. ఆవిడ ఇల్లు ఊరికి ఆ చివర! ఆఫీసులో పక్కసీటావిడ "రాత్రి నిద్రపట్టిందా?" అని జాలిగా అడిగింది. నిద్ర సంగతి ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంక చెప్పింది ఇంట్లోవాళ్లేనని తెలియనిదేముంది? ఆమెకు ఒళ్లు మండిపోయింది. మొదటిసారి వెళ్లిన రోజు డాక్టరమ్మ ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి, పనిలో ఓ చెయ్యి వేయండి, పక్కన ఉండండి అని చెప్పింది. మొదటిది ఎవరి చెవికీ ఎక్కలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆమె నోరు విప్పేలోపే భర్త అందుకున్నాడు.

"కంటికి రెప్పలా చూసుకుంటున్నామండీ. బాత్రూమ్ గడియ కూడా నేనే ఊడదీశాను."

"తనని అడిగే తీశారా?"

"అడిగితే ఒప్పుకుంటుందా అండీ!"

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగింది. "నాకు దాచకుండా చెప్పండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

ఈ మాట ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అందరూ కాపలా కాశారంతే.

"లేదండీ. నీళ్లు పోసుకుంటూ కాసేపు ఏడవాలనిపిస్తుంది. అక్కడైతే నన్నెవరూ పిలవరు. ఆ ఒక్క చోటూ తీసేశారు."

ఆమె కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ నీళ్లగ్లాసు అందించి, "ఇక్కడ మీతో ఎవరుండాలో మీరే చెప్పండి" అంది. భర్త అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీరు బయటికి వెళ్లండి" అంది ఆమె.

"అదేంటి? నేను నీ మొగుణ్ని!"

"తెలుసు. ఇంటికెళ్లి ఆ గడియ బిగించండి. అది బిగించాక పిలుస్తాను."

అతను గొణుక్కుంటూ బయటికి నడిచాడు. ఆమె లేచి, డాక్టరమ్మ గది తలుపు మూసి గడియ పెట్టుకుంది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.